బోర్డులో ఉద్యోగికి సీటు: హక్కా, దయా?

తరాజు:
ఒక కంపెనీ బోర్డు యూనిట్ మూసేయాలని నిర్ణయించింది అనుకుందాం. అక్కడ పనిచేసేవాళ్లకు ఆ నిర్ణయంలో నోరు విప్పే హక్కు ఉందా? లేక యాజమాన్యం మంచిదైతే అడుగుతుంది, కాకపోతే లేదు, అంతేనా? ఉద్యోగుల్ని కలుపుకుంటే లాభాలు పెరుగుతాయా అన్నది నా ప్రశ్న కాదు. జర్మనీలో 1976 చట్టం ప్రకారం 2,000 మందికి పైగా ఉద్యోగులున్న కంపెనీల పర్యవేక్షక బోర్డులో (కంపెనీని నడిపేవాళ్ల మీద కన్నేసి ఉంచే బోర్డు) సగం సీట్లు ఉద్యోగుల ప్రతినిధులవి. అది హక్కును గుర్తించడమా, రాజకీయ సర్దుబాటా?

పాత_షేర్లు:
సర్దుబాటే. అక్కడ కూడా ఓట్లు సమానంగా చీలితే అధ్యక్షుడికి రెండో ఓటు ఉంటుంది. ఆ అధ్యక్షుడు మామూలుగా వాటాదార్ల వైపు మనిషే. సగం అన్నది పేరుకే. ఇక హక్కు సంగతంటారా, డబ్బు పెట్టినవాడు యజమాని. తన సొత్తును ఏం చేయాలో తేల్చుకోవడం అతని హక్కు. ఉద్యోగికి ఒప్పందం ప్రకారం జీతం వస్తుంది, అప్పిచ్చినవాడికి వడ్డీ వస్తుంది. అందరికీ ఇచ్చాక ఏమైనా మిగిలితేనే వాటాదారుకు. వరుసలో ఆఖరున నిలబడ్డవాడి చేతిలోనే పగ్గాలు ఉండాలి. అమెరికా ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1970లో రాసిన వ్యాసం సారం కూడా దాదాపు ఇదే: డైరెక్టర్లూ మేనేజర్లూ వాటాదార్ల తరఫు మనుషులు.

గుమస్తా:
వాటాదారు యజమాని కాదు. బ్రిటన్‌లో 1896లో తీర్పు వచ్చిన సాలమన్ కేసు చూడండి.

పాత_షేర్లు:
చట్టం దృష్టిలో కంపెనీ దాని వాటాదార్ల నుంచి వేరే వ్యక్తి అని మాత్రమే అంది ఆ కేసు.

గుమస్తా:
1954లో బచ్చా గుజ్దార్ కేసులో మన సుప్రీంకోర్టు మిగతాది కూడా చెప్పింది. కంపెనీ ఆస్తిలో వాటాదారుకు భాగం లేదు. డివిడెండ్ ప్రకటిస్తే అందులో వాటా, మూసేస్తే మిగిలినదాంట్లో వాటా. కాదంటే మీ "సొంత" కంపెనీ ఆఫీసుకెళ్లి ఒక కుర్చీ ఇంటికి మోసుకురండి.

అంకెలగారడీ:
కుర్చీతో పాటు ఏసీ కూడా.

నైట్_షిఫ్ట్:
హక్కు అంటే ఏమిటో ముందు తేల్చుకోకుండా యజమాని ఎవరని కొట్టుకుంటున్నారు. లాభనష్టాల పట్టీలో ఒక వరుసగా వేయకూడనిదే హక్కు. వెనక నుంచి గుద్దితే అంటుకుంటుందన్న పింటో కారు గొడవలో బయటపడ్డ ఫోర్డ్ వాళ్ల మెమో గుర్తుందా? 1973 నాటిది. పెట్రోలు కారి అంటుకోకుండా చేయడానికి కారుకు 11 డాలర్లు, పోయే ప్రాణానికి రెండు లక్షల డాలర్లు. రెండు వైపులా కూడి, బాగుచేయడమే ఖర్చెక్కువ అని తేల్చారు. మనిషిని కేవలం పనిముట్టుగా చూడొద్దని జర్మన్ తత్వవేత్త కాంట్ అన్నది ఇలాంటివాటి గురించే. యూనిట్ మూసేటప్పుడు కూడా మేము పట్టీలో ఒక వరుసే.

పాత_షేర్లు:
ఆ మెమో గురించి అందరూ తప్పే చెప్తారు. అది పింటో ఒక్కదాని గురించి కాదు, అమెరికాలో అమ్ముడయ్యే కార్లూ చిన్న ట్రక్కులూ అన్నిటి గురించి. బోల్తా పడ్డప్పుడు పెట్రోలు కారడం మీద లెక్క అది. రాసింది అక్కడి ప్రభుత్వ వాహన భద్రతా నియంత్రణ సంస్థకు. ఆ రెండు లక్షల అంకె కూడా ఆ సంస్థదే. ప్రభుత్వం కూడా ప్రాణానికి ధర కట్టిందన్నమాట. ప్రభుత్వాన్నీ తిడతారా?

నైట్_షిఫ్ట్:
తిడతాను. ఎవరికి రాశారన్నది కాదండీ, ఏం రాశారన్నది.

పాత_షేర్లు:
ఎవరికి రాశారన్నది తేలకుండా ఏం రాశారో ఎలా తేలుతుంది?

తరాజు:
కారు దిగి బోర్డు గదిలోకి రండి ఇద్దరూ. మన 2013 కంపెనీల చట్టంలో 166వ సెక్షన్ ప్రకారం డైరెక్టరు వాటాదార్ల మేలే కాదు, ఉద్యోగులు, సమాజం, పర్యావరణం కూడా చూడాలి. దీన్ని హక్కు అనొచ్చా?

పాత_షేర్లు:
అందరికీ జవాబు చెప్పాలి అంటే ఎవరికీ చెప్పక్కర్లేదని అర్థం. వాటాదారు అడిగితే "ఉద్యోగుల కోసం" అంటాడు, ఉద్యోగి అడిగితే "వాటాదార్ల కోసం" అంటాడు. నాకు భయం ఉద్యోగులంటే కాదు, ఆ డైరెక్టరంటే. ఇక సీట్లిస్తే నీతి దానంతటదే వస్తుందనుకునేవాళ్లకు ఒక మాట. జర్మనీ కార్ల కంపెనీ ఫోక్స్‌వ్యాగన్ పర్యవేక్షక బోర్డులో సగం మంది ఉద్యోగుల తరఫువాళ్లే. 2015లో డీజిల్ పొగ పరీక్షల మోసం బయటపడింది కదా, దాన్ని పట్టింది వాళ్లు కాదు, బయటివాళ్లు.

నైట్_షిఫ్ట్:
మంచిది. నా సంగతి చెప్తాను, దీనికి కూడా ఏదో ఒక కేసు చూపించండి. నేను పనిచేసిన చోట "ఆర్డర్లు తగ్గాయట, నిజమేనా" అని మూడు నెలలు అడిగాం. అంతా బాగుంది అన్నారు. ఇంటి లోను కాగితాల కోసం జీతం సర్టిఫికెట్ అడగడానికి హెచ్‌ఆర్ ఆయన దగ్గరికి వెళ్లాను. "సార్, ఇప్పుడు లోను తీసుకోవచ్చా?" అని అడిగాను కూడా. ఆయన సర్టిఫికెట్ మీద స్టాంపు వేసి, సిరా ఆరడానికి ఊదుతూ, "తీసుకో, పర్లేదు" అన్నాడు. పదకొండో రోజు గేటుకు నోటీసు. ఆ తేదీకి నెల ముందే బోర్డు తీర్మానం అయిపోయిందని తర్వాత తెలిసింది.

పాత_షేర్లు:
బాధాకరమే. కానీ లోను తీసుకునే ముందు కంపెనీ లెక్కలు చూసుకోవడం ఎవరి బాధ్యత?

నైట్_షిఫ్ట్:
నువ్వు ఎప్పుడైనా జీతం మీద బతికావా? ఏ లెక్కలు? నాకెవడు చూపించాడు లెక్కలు?

అంకెలగారడీ:
"మీరు" పోయి "నువ్వు" వచ్చింది. పాప్‌కార్న్ ఎక్కడ?

మోడరేటర్:
మర్యాదగా మాట్లాడుకోండి. లేదంటే చర్చ మూసేస్తాను.

గుమస్తా:
మూసే ముందు మా అభిప్రాయం అడుగుతారా?

పాత_షేర్లు:
బతికాను. మా నాన్న బతికాడు. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో సగం, తాను పనిచేసిన కంపెనీ షేర్లలోనే పెట్టాడు. వార్షిక నివేదికలో అంతా నిగనిగలాడే ఫొటోలు. ఒక రోజు లెక్కలు బూటకం అని తేలింది. ఆ తర్వాత పొద్దున్నే లేచి అమ్మకానికి పెట్టడం, సాయంత్రం దాకా కొనేవాడు లేకపోవడం. పంతొమ్మిది రోజులు చూశాను ఆ స్క్రీన్. "నచ్చకపోతే షేర్లు అమ్ముకుని పోవచ్చుగా" అంటారు కదా మీలాంటివాళ్లు, అదీ అమ్ముకోవడం అంటే. అందుకే అంటున్నాను, డైరెక్టర్లకు ఒక్క యజమానే ఉండాలని.

నైట్_షిఫ్ట్:
"నువ్వు" అన్నందుకు సారీ అండీ. కానీ మీ నాన్నగారి విషయంలో డైరెక్టర్లకు యజమానులు ఎక్కువై అలా చేశారా? మీరు చెప్పే ఫ్రీడ్‌మన్ కూడా మోసం, దగా లేకుండా అనే షరతు పెట్టాడుగా.

పాత_షేర్లు:
పెట్టాడు. నేనూ అక్కడికే వస్తున్నాను. మీకు కావల్సింది ఓటు కాదు, నిజం. "అబద్ధం చెప్పకు, ముందే చెప్పు" అని చట్టంలో గట్టిగా రాయమనండి, నేనూ సంతకం పెడతాను. వాటాదారుకూ అదే కావాలి. దానికి బోర్డులో సీటు ఎందుకు?

నైట్_షిఫ్ట్:
ముందే చెప్పడం వేరు, అడగడం వేరు. చెప్పేటప్పటికి నిర్ణయం అయిపోయి ఉంటుంది. సర్దుకోవడానికి గడువు ఇచ్చారంతే. నా జీవితం తలకిందులయ్యే చోట నన్ను లెక్కలోకి తీసుకోవడం మీ మంచితనం మీద ఆధారపడకూడదు అంటున్నాను.

తరాజు:
మొదట అడిగింది ఇదే. ఇన్ని పోస్టులు పట్టింది.

పాత_షేర్లు:
అడిగినా బోర్డు మూసేస్తుంది. మెజారిటీ వాళ్లదే. ఇంకో సంగతి, జర్మనీలో కూడా ఉద్యోగుల ప్రతినిధి బోర్డు రహస్యాలు బయట చెప్పకూడదు. మీ మనిషి ఆ గదిలో ఉన్నా మీకు చెప్పేవాడు కాదు. లోను మీరు తీసుకునేవారే. మరి సీటు వల్ల ఒరిగిందేమిటి?

గుమస్తా:
ఈ పాయింటు బాగుంది. యజమాని ఎవరన్నది మాత్రం తేలలేదు.

నైట్_షిఫ్ట్:
రాత్రంతా ఆలోచించాను దీని గురించి. నిజమే, చెప్పేవాడు కాదు. కానీ అతను నాతో పాటు క్యాంటీన్ లైన్లో నిలబడేవాడు. నేను ఇల్లు చూసుకుంటున్నానని అతనికి తెలుసు. ఆ గదిలో "వచ్చే నెల దాకా ఎవరికీ చెప్పొద్దు" అన్నప్పుడు, "ఈలోగా లోన్లు తీసుకునేవాళ్లు ఉన్నారు, వాళ్లకేం చెప్తారు?" అని అడిగే మనిషి ఒకడు ఉండేవాడు. ఆ ప్రశ్న మినిట్స్‌లో, అంటే సమావేశం రికార్డులో, రాసుకోవాల్సి వచ్చేది. అప్పుడు హెచ్‌ఆర్ ఆయన స్టాంపు ఊదుతూ "పర్లేదు" అనడం ఇంత తేలిక అయ్యేది కాదు.

పాత_షేర్లు:
మా నాన్న కంపెనీ మినిట్స్ కూడా చక్కగానే రాశారు. రేపు రాస్తాను మిగతాది.