రాబర్ట్ పామర్ అంటే సూటూ ఐదుగురు అమ్మాయిలేనా?

హన్మకొండ పిలగాడు:
మా మామయ్య ఫోన్‌లో ‘అడిక్టెడ్ టు లవ్’ వీడియో చూశా. సూట్ వేసుకుని పెద్దగా కదలకుండా పాడే మనిషి, వెనక ఒకే నల్ల డ్రెస్, ఒకే ఎర్ర లిప్‌స్టిక్‌తో అమ్మాయిలు. పాట రెండు రోజులుగా చెవిలోంచి పోవట్లేదు. ఈయన దగ్గర ఇంకేమైనా ఉందా, ఇదొక్కటేనా?

కాజీపేట కీబోర్డ్:
తమ్మీ, ఇరవై ఏళ్లుగా పెళ్లి ఆర్కెస్ట్రాలో కీబోర్డ్ వాయిస్తున్నా. ఆ వీడియో ఉన్నన్నాళ్లూ ఆయనకు ఈ గతే! ఆ పాట 1986లో అమెరికాలో నంబర్ వన్ అయింది, గ్రామీ కూడా తెచ్చింది. అప్పటికే ఆయన పాడబట్టి పదిహేనేళ్లు దాటింది.

1974 ఆల్బమ్ ‘స్నీకిన్ సాలీ త్రూ ది ఆలీ’తో మొదలుపెట్టు. యార్క్‌షైర్‌లో పుట్టి మాల్టాలో పెరిగిన తెల్ల కుర్రాడు న్యూ ఆర్లీన్స్ పోయి, అక్కడి మీటర్స్ బ్యాండ్‌తో ఫంక్ పాడాడు. మొదటి మూడు పాటల మధ్య గ్యాప్ ఉండదు. మొదటిసారి విన్నప్పుడు మూడూ ఒకటే పాటనుకున్నా. మరుసటి ఏడాది జమైకా వాళ్ల రెగె పాడాడు. 1980లో సింథసైజర్ మీద ‘జానీ అండ్ మేరీ’. అందులో గొంతు పెంచడు. పక్కింటి మొగుడూపెళ్లాల సంగతి అరుగు మీద కూర్చుని చెప్పినట్టు పాడతాడు.

ఒకసారి రిసెప్షన్‌లో మా బేస్ గిటారిస్ట్ రాలేదు. ఎడమచేత్తో బేస్ నేనే పట్టుకుని ‘అడిక్టెడ్’ ఎత్తుకున్నాం. ఒరిజినల్‌లో డ్రమ్స్ టోనీ థాంప్సన్‌వి. రెండో దెబ్బ, నాలుగో దెబ్బ, అంతే కదా అనుకున్నాం. అర నిమిషంలో మా ప్యాడ్ కుర్రాడు ఉరకడం మొదలుపెట్టాడు. తొందరపడకుండా కొట్టడం ఎంత కష్టమో, దాని మీద అంత తీరిగ్గా పాడటం ఇంకెంత కష్టమో ఆ రోజు తెలిసింది. ఇంతలో పెళ్లికొడుకు బాబాయి స్టేజీ దగ్గరకొచ్చి, “బీట్ మంచిగుంది గానీ, తీన్మార్ ఎప్పుడు కొడతరు?” అన్నాడు.

ములుగు రోడ్:
అన్నా, హిట్లన్నీ ఆయనవేం కాదు కదా. ‘బ్యాడ్ కేస్ ఆఫ్ లవింగ్ యూ’ మూన్ మార్టిన్ రాసింది. అన్ని రకాలూ ముట్టుకున్నాడు గానీ, తనదంటూ ఒక్కటీ లేదనిపిస్తది.

కాజీపేట కీబోర్డ్:
‘అడిక్టెడ్’, ‘జానీ’ రెండూ ఆయన రాసినవే. అయినా రాస్తేనే గాయకుడంటే మన బాలు గారిని ఏం చేద్దాం? తనదంటూ ఉన్నది ఆ గొంతులో నిదానం. ‘జానీ’ని 2014లో నార్వే మ్యూజిక్ ప్రొడ్యూసర్ టాడ్ టెర్యె ఆల్బమ్‌లో బ్రయన్ ఫెర్రీ మళ్లీ పాడాడు, ఇంకా నెమ్మదిగా. అప్పటికి పామర్ లేడు. 2003లో పారిస్‌లో గుండెపోటుతో పోయాడు, 54 ఏళ్లకే. ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

హన్మకొండ పిలగాడు:
ఆ ‘సాలీ’ ఆల్బమ్ విన్నా అన్నా. చౌరస్తాలో బస్సెక్కి ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నా. కేయూ క్రాస్‌లో దిగేటప్పుడు ఇంకా మొదటి పాటే అనుకున్నా. ఫోన్ తీసి చూస్తే నాలుగోది నడుస్తోంది.