పాఠశాల గ్రంథాలయం నుంచి పుస్తకం తీసివేయమంటున్నారు: ఎలా వ్యతిరేకించాలి?

ప్రశ్న (ఒక విద్యార్థి తల్లి):
మా అబ్బాయి చదివే పాఠశాల గ్రంథాలయంలోని ఒక నవలను తొలగించాలని కొందరు తల్లిదండ్రులు యాజమాన్యాన్ని కోరారు. అందులో అసభ్యమైన మాటలున్నాయన్నది వారి అభ్యంతరం. ఫిర్యాదుకు రెండు పేజీల నకళ్లు మాత్రమే జతపరిచారు. ఆ పేజీల నిండా తాగివచ్చిన తండ్రి తిట్లున్నాయి. ఆ తిట్లు విన్న కూతురు ఏం చేసిందన్నది మూడో పేజీలో ఉంది, దాని నకలు మాత్రం ఎవరూ తీయలేదు. వచ్చే సమావేశంలో నేను మాట్లాడాలనుకుంటున్నాను. "పిల్లల కంటే మీకు పుస్తకమే ఎక్కువా?" అని నిలదీస్తే ఏమని సమాధానం చెప్పాలి?

సమాధానం (పాఠశాల లైబ్రేరియన్):
నవల మంచిదా చెడ్డదా అన్న చర్చలోకి మొదటే దిగకండి. అందులోకి దిగితే ఎవరి గొంతు పెద్దదైతే వారిదే గెలుపు. ముందు పద్ధతి ఏమిటని అడగండి. ఫిర్యాదు రాతపూర్వకంగా ఉండాలి, ఫిర్యాదుదారు పుస్తకం మొత్తం చదివారా లేదా అన్న గడి ఆ పత్రంలో ఉండాలి, ఉపాధ్యాయులూ తల్లిదండ్రులూ లైబ్రేరియనూ ఉన్న సంఘం ఆ పుస్తకాన్ని ఆసాంతం చదివి కారణాలతో సహా నిర్ణయం రాయాలి. అన్నిటికంటే ముఖ్యం, నిర్ణయం వెలువడేదాకా పుస్తకం అల్మారాలోనే ఉండాలి. లేకపోతే ఫిర్యాదు చేయడమే నిషేధించడంతో సమానమవుతుంది. చిరిగినవీ, సమాచారం పాతబడినవీ మేము ఏటా ఏరివేస్తాం కదా అని ఎవరైనా అనవచ్చు. అక్కడ చూసేది పుస్తకం స్థితిని, ఇక్కడ చూస్తున్నది అందులోని భావాన్ని.

సమాధానం (న్యాయశాస్త్రం చదివిన పాఠకుడు):
ఈ విషయంలో తరచూ ప్రస్తావనకు వచ్చేది అమెరికాలోని ఐలండ్ ట్రీస్ వ్యాజ్యం. న్యూయార్క్ రాష్ట్రంలోని ఆ పాఠశాలల బోర్డు 1976లో తొమ్మిది పుస్తకాలను గ్రంథాలయాల నుంచి తీయించింది. తాను నియమించిన సంఘమే కొన్నింటిని ఉంచవచ్చని సిఫారసు చేసినా, ఆ సిఫారసును చాలావరకు పక్కన పెట్టింది. అయిదుగురు విద్యార్థులు కోర్టుకు వెళ్లారు. అందులోని భావాలు నచ్చనంత మాత్రాన గ్రంథాలయం నుంచి పుస్తకాన్ని తొలగించే అధికారం బోర్డుకు లేదని 1982లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి బ్రెనన్ రాశారు. ఆ అభిప్రాయానికి పూర్తి మెజారిటీ లేదు కనుక దాని బలంపై వాదాలు ఆగలేదు. అయినా అందులోని ఒక తేడా మీకు ఎక్కడైనా పనికొస్తుంది: పాఠ్యపుస్తకాన్ని విద్యార్థి చదివి తీరాలి, గ్రంథాలయ పుస్తకాన్ని తానే ఎంచుకుంటాడు. ఇక పిల్లల పేరుతో వాదించేవారికి 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికను గుర్తుచేయండి. సమాచారాన్ని వెతుక్కునే, పొందే స్వేచ్ఛ పిల్లలకు ఉందని 13వ అధికరణం చెబుతుంది. హానికరమైన విషయాల నుంచి వారిని కాపాడాలని 17వ అధికరణం చెబుతుంది. దాన్ని దాచిపెట్టకండి, అవతలివారు ఎలాగూ చదివి వస్తారు.

సమాధానం (ఒక తండ్రి):
నేను పూర్తిగా ఏకీభవించలేను. ఆరో తరగతి పిల్లకూ పన్నెండో తరగతి కుర్రాడికీ ఒకే అల్మారా అంటే నాకు అభ్యంతరమే. అలా అన్న ప్రతి తల్లినీ తండ్రినీ నిషేధవాదులుగా చూడటం న్యాయం కాదు.

సమాధానం (పాఠశాల లైబ్రేరియన్):
మీ అభ్యంతరం సమంజసమే. వయసును బట్టి పుస్తకాలను వేర్వేరు విభాగాల్లో పెట్టడం మా రోజువారీ పని. తమ బిడ్డకు ఫలానా పుస్తకం ఇవ్వవద్దని తల్లిదండ్రులు చెప్పడంలోనూ తప్పు లేదు. పక్కింటి బిడ్డకు కూడా ఇవ్వవద్దనడం దగ్గరే ఆ హక్కు ఆగిపోతుంది. అయితే పెద్దపిల్లల విభాగానికి మార్చామని చెప్పి తాళం వేసిన బీరువాలో పెట్టేవారున్నారు, అది తొలగింపే. ఇంతకంటే కనిపించని నష్టం మరొకటి ఉంది: ఒకసారి గొడవ జరిగిన చోట, తరువాతి ఏడాది కొనుగోలు జాబితా రాసేటప్పుడు అలాంటి పుస్తకం పేరు దగ్గర లైబ్రేరియన్ కలం తనంతట తానే ఆగిపోతుంది. ఆ పుస్తకాన్ని నిషేధించారని ఎక్కడా నమోదు కాదు.

ప్రశ్న అడిగినవారు:
విచారిస్తే మా పాఠశాలలో ఫిర్యాదు పత్రమే లేదని తెలిసింది. నవలను మాత్రం ఇప్పటికే ప్రధానోపాధ్యాయుల గదికి తీసుకెళ్లారట. సమావేశంలో మొదట దాన్ని తిరిగి అల్మారాలో పెట్టమని అడుగుతాను, తరువాత మూడో పేజీ చదివి వినిపిస్తాను.