బొండ వేయడం అంటే అసలేం చేసేవాళ్లు?

ఒంగోలు నుంచి, ప్రశ్న:
అందరికీ నమస్కారమండీ. మా నాయనమ్మ వాళ్ల నాన్న గురించి ఒక్క మాటే చెప్పేది: "మా నాయనకి చావిడి ముందర బొండేశారు. మళ్లా ఆ దోవన నడవలా ఆయన." ఇంకా అడిగితే కొంగుతో మొహం తుడుచుకుని పనిలో పడేది. జైల్లో పెట్టారని అనుకున్నా ఇన్నేళ్లూ. మొన్న సండే స్కూల్లో పిల్లలకి అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం చదువుతుంటే 24వ వచనంలో అదే మాట. పౌలు, సీలలని లోపలి చెరసాలలోకి తోసి, "కాళ్లకు బొండవేసి బిగించెను". పిల్లలు బోండా అనుకుని నవ్వారు. నాకు గొంతు పట్టేసింది. అప్పటికే చెరసాలలో ఉన్నవాళ్లకి బొండ వేశారంటే, అది జైలు కాదుగా. మా ముత్తాతని ఏం చేశారు?

జవాబు:
కొరత వేయడం, అంటే మనిషిని పదునైన కొయ్య మీద గుచ్చడం, అలాంటిదేమోనండి. రెండూ పాతకాలం శిక్షలే.

గుంటూరు వకీలు, జవాబు:
కాదండీ. కొరత వేస్తే మనిషి బతకడు. బొండ వేసిన మనిషి ఇంటికొస్తాడు, అదే దాని బాధ.

రెండు బరువైన దుంగలు. ఒకదాని మీద ఒకటి కూరిస్తే మధ్యలో కాలు పట్టేంత బెజ్జాలు. మనిషిని నేల మీద కూచోబెట్టి, కాళ్లు చాపించి, చీలమండలు అందులో పెట్టించి, పై దుంగ దించి బిగిస్తారు. ఇక లేవలేడు, పక్కకి తిరగలేడు. వచ్చేపోయే వాళ్లంతా చూస్తుంటారు. యిర్మీయా 20వ అధ్యాయం కూడా చదవండి. ప్రవక్తని బొండలో వేయించింది మందిరం గుమ్మం దగ్గరే, జనం తిరిగే చోట.

మీ ముత్తాత సంగతికొస్తే, 1816లో మద్రాసు ప్రభుత్వం 11వ రెగ్యులేషన్ అనే చట్టం తెచ్చింది. మన కోస్తా, సీమ జిల్లాలు అప్పుడు ఆ మద్రాసు ప్రెసిడెన్సీ కిందివే. దాని ప్రకారం తిట్లు, చిన్నపాటి కొట్లాటలకి ఊరి పెద్దే తీర్పు చెప్పొచ్చు. చావిడిలో 12 గంటలకి మించకుండా ఉంచొచ్చు. తక్కువ కులాల వాళ్లయితే మాత్రం 6 గంటల దాకా బొండ వేయొచ్చు. అది మనిషిని కించపరిచే శిక్ష అని ఒప్పుకుంటూనే, వాళ్లకి వేస్తే తప్పులేదన్నట్టు చట్టంలోనే రాసుకున్నారు. ఒకే తిట్టు తిట్టిన ఇద్దరిలో ఒకడు చావిడి లోపల నీడన, ఇంకొకడు బయట ఎండలో. మొదటిసారి ఆ సెక్షన్ చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

ఒంగోలు నుంచి:
మాది మాదిగపల్లె అండి. నేను చెప్పకపోయినా మీకు అర్థమైపోయింది. మా పల్లె నుంచి చెరువుకి వెళ్లాలంటే చావిడి ముందు నుంచే దారి. ఆయన పొలాల గట్ల మీదుగా చుట్టు తిరిగి పోయేవాడంట, బతికినన్నాళ్లూ. మోకాళ్ల నొప్పని చెప్పుకునేవాళ్లు ఇంట్లో. మోకాళ్ల నొప్పైతే దగ్గరి దారి వదిలి అంత దూరం ఎందుకు నడుస్తాడని ఎవరం అడగలేదు.

పల్నాడు నుంచి, జవాబు:
అమ్మా, మా ఊళ్లో పాత చావిడి పడగొట్టినప్పుడు వరసగా అర్ధచంద్రాకారం గాళ్లు చెక్కిన దుంగ ఒకటి దొరికింది. నేను చిన్నపిల్లాణ్ణి. పశువుల కొట్టంలో గడపగా వేశారు దాన్ని. ఏమిటో తెలియక దాని మీద కూచుని తేగలు తినేవాళ్లం. బయటివైపు అంచులు గరుగ్గా ఉండేవి, గాళ్ల లోపల మాత్రం నున్నగా, నూనె పట్టించినట్టు ఉండేది.

ఒంగోలు నుంచి:
ఆ దుంగ ఇంకా ఉందా బాబాయ్? ఉంటే ఫొటో వద్దు. నేనే వచ్చి చూస్తాను, అమ్మని తీసుకుని.