ఇటలీ సముద్రం పక్కన గోల్ఫ్, స్పా వీకెండ్: ఆట రానివాళ్ళం వెళ్ళొచ్చా?

రాజోలు కొబ్బరితోట
నమస్కారమండి. మా అమ్మాయి, అల్లుడుగారు మ్యూనిక్‌లో ఉంటారు, జూన్‌లో మేమిద్దరం వెళ్తున్నాం. అల్లుడుగారికి గోల్ఫ్ పిచ్చి. ఒక శుక్రవారం బయల్దేరి ఇటలీలో సముద్రానికి దగ్గర్లో రెండు రాత్రులు ఉందాం, నేను ఆడుకుంటాను, మీరు వేడినీళ్ళలో కూర్చుందురుగాని మావయ్యగారూ అంటున్నారు. సాటూర్నియా అనే ఊరు చూసి పెట్టారట. గోల్ఫ్ బంతి ఏ కన్నంలో పడాలో కూడా నాకు తెలీదు, మా ఆవిడేమో చీర తప్ప కట్టదు. ఇద్దరికీ మోకాళ్ళ నొప్పులు, నాకు బీపీ. గది అద్దె వింటే దాళ్వా పంట డబ్బు కళ్ళ ముందు కదిలింది. వెళ్ళొచ్చంటారా, మనవడితో ఇంట్లోనే ఉంటామని చెప్పెయ్యమంటారా? ఇటలీకి వీసా వేరే తీసుకోవాలా?

పాలకొల్లు టు రోమ్
వెళ్ళండి బాబాయ్ గారూ, అల్లుడు పిలిస్తే ఆలోచిస్తారేంటి! వీసా వేరే అక్కర్లేదు, ఎక్కువ రోజులు ఉండేది జర్మనీలో కాబట్టి జర్మనీ షెంజెన్ వీసాకే (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే వీసా) అప్లై చేయండి, అదే ఇటలీకీ చెల్లుతుంది. ఇన్సూరెన్స్ మాత్రం 30,000 యూరోలకి తగ్గకుండా, షెంజెన్ దేశాలన్నిటికీ వర్తించేలా ఉండాలి. సాటూర్నియా మంచిదే, అల్లుడుగారు తెలివైనవారు. గంధకం నీళ్ళు భూమిలోంచి 37.5 డిగ్రీల వేడితో వస్తాయి, అక్కడి స్పా రిసార్ట్ పక్కనే 18 హోల్స్ (కన్నాలు) ఉన్న గోల్ఫ్ కోర్సు ఉంది. ఊరికి దగ్గర్లోనే కాస్కాతే దెల్ ములీనో అని మెట్లుమెట్లుగా జలపాతం ఉంది, అక్కడ అవే నీళ్ళలో పైసా ఇవ్వకుండా కూర్చోవచ్చు. కాకపోతే సముద్రం పక్కన అనుకోకండి, తీరానికి కారులో గంట పడుతుంది. ఊళ్ళోకి రైలు లేదు. రోమ్‌కి ఫ్లైట్, అక్కడినుంచి కారు.

కాకినాడ కాజా
2024 జూన్‌లో జీ7 దేశాల సమావేశం జరిగింది చూడండి, మన ప్రధాని కూడా వెళ్ళారు, ఆ బోర్గో ఎగ్నాజియా రిసార్ట్ కూడా ఇలాంటిదే. దక్షిణ ఇటలీలోని పూల్యాలో సముద్రం ఒడ్డున గోల్ఫ్, స్పా అన్నీ ఉన్నాయి. మన బడ్జెట్‌లో లేదు లెండి, ఊరికే చెప్పా. అసలు ఇంత ఖర్చెందుకండి, దిండిలో హౌస్‌బోట్ ఎక్కితే సరిపోదూ?

మ్యూనిక్ మామయ్య
దిండి సంగతి పక్కన పెట్టండి, ఆయన వెళ్ళేది అమ్మాయి దగ్గరికి. నా మాట వింటే సాటూర్నియా వద్దు. రెండు రాత్రుల కోసం ఎయిర్‌పోర్టు, ఫ్లైట్, మళ్ళీ కారు అంటే మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి శిక్ష. మ్యూనిక్ నుంచి కారులోనే ఆస్ట్రియా మీదుగా ఇటలీ తీరంలోని లిన్యానో సబ్బియాదోరో అనే ఊరు వెళ్ళండి, మధ్యలో ఆగుతూ వెళ్తే ఐదారు గంటలు. ఆస్ట్రియా హైవేకి విన్యెట్ అనే రోడ్డు పాస్ కొనాలి, దారిలో టవెర్న్ సొరంగానికి టోల్ వేరే. లిన్యానోలో గోల్ఫ్ కోర్సు ఉంది, బీచ్ ఉంది, సముద్రపు నీళ్ళతో వైద్యం చేసే స్పా ఉంది. పైగా మీకు ఊరు కొత్తగా అనిపించదు. తాల్యమెంతో నది సముద్రంలో కలిసేది అక్కడే, ఒక పక్క లగూన్, అంటే సముద్రాన్ని ఆనుకున్న ఉప్పునీటి సరస్సు, చుట్టూ పల్లపు భూమి, మన అంతర్వేది వైపు ఇసుకలో కొబ్బరిచెట్లు తీసేసి పైన్ చెట్లు పెట్టినట్టు ఉంటుంది. అల్లుడుగారు 18 హోల్స్ ఆడి రావడానికి నాలుగు గంటల పైనే పడుతుంది, ఆలోగా మీరు బోటెక్కి లగూన్ చూడండి, జాలర్లు రెల్లుతో కట్టుకున్న గుడిసెలు కనిపిస్తాయి. రొయ్యల చెరువులున్నవారైతే ఆ నీళ్ళని చూస్తూ ఎంతసేపైనా ఉండిపోతారు.

అమలాపురం అక్క
అసలు ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు! చీరతో పూల్లోకి దిగనివ్వరు. పొడుగు చేతులు, కాళ్ళ దాకా ఉండే ఈత డ్రెస్ దొరుకుతుంది, అది కొనుక్కుని ముందే హోటల్‌కి మెయిల్ పెట్టి అడగండి. తలకి ఈత టోపీ చాలాచోట్ల తప్పనిసరి. సాటూర్నియాకే వెళ్తే పిన్నిగారి వెండి పట్టీలు తీసి గదిలో పెట్టమనండి, గంధకం తగిలితే నల్లబడిపోతాయి. మీ బీపీకి డాక్టర్‌ని అడగందే వేడినీళ్ళలో దిగొద్దు. ఆయన సరేనన్నా గంటలకొద్దీ కూర్చోకండి, మధ్యమధ్యలో బయటికొచ్చి మంచినీళ్ళు తాగండి, లేచేటప్పుడు తొందరపడొద్దు. రాత్రి భోజనం ఏడున్నరకి ముందు చాలా హోటళ్ళలో పెట్టరు. ఆవకాయ మీరెలాగూ పట్టుకెళ్తారు.

రాజోలు కొబ్బరితోట
అక్కగారూ, మీ మెసేజ్ మా ఆవిడకి చదివి వినిపించాను. పూల్ నాకొద్దు, ఆ బోటేదో ఎక్కుతానంది. అయితే లిన్యానోయే. అల్లుడుగారికి ఫోన్ చేస్తే మొదట కాస్త నసిగారు గాని, ఫ్లైట్ ఖర్చు మిగులుతుందనేసరికి ఒప్పుకున్నారు. ఆయన గోల్ఫ్‌కి ముందే ఏమైనా చూసుకోవాలా?

మ్యూనిక్ మామయ్య
క్లబ్ కార్డు, హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయి చెప్పే అంకె) వివరం దగ్గర ఉంచుకోమనండి, కోర్సులో అడగొచ్చు. ఆట టైము ఇప్పుడే బుక్ చేయించండి, శనివారం పొద్దున్నవి త్వరగా అయిపోతాయి.