అప్‌డేట్: డొరొతీని మిగతా చింపాంజీలకు ఎందుకు చూపించారు?

కామెరూన్‌లోని సనగా-యోంగ్ చింపాంజీ సంరక్షణ కేంద్రంలో 2008 సెప్టెంబరులో చనిపోయిన డొరొతీ అనే చింపాంజీ శవాన్ని మిగతావాటికి ఎందుకు చూపించారని అడిగాను కదా, సమాధానం దొరికింది. ఆమెది గుండె వైఫల్యం. వయసు నలభై దాటి యాభైకి దగ్గర. ఆ కేంద్రానికి రాకముందు 25 ఏళ్లు ఒక వినోద పార్కులో మెడకు గొలుసుతో కట్టేసి ఉంచారు. బీరు, సిగరెట్ కూడా అలవాటు చేశారట, ఏం సరదానో! 2000లో కేంద్రానికి వచ్చేనాటికి ఒళ్లు విపరీతంగా పెరిగిపోయింది.

పూడ్చే ముందు ఆమెను ఒంటిచక్రపు బండిలో కంచె దగ్గరికి తెచ్చి, తల పైకెత్తి చూపించారు. ఎప్పుడూ గోలచేసే చింపాంజీల గుంపు వరసగా నిలబడి, ఒకదాని భుజంపై ఒకటి చేతులేసి చూసింది. చూపించడానికి కారణం ఇదే: శవాన్ని చాటుగా తీసుకెళ్తే, ఆమె ఇక రాదని వాటికి తెలిసే దారే ఉండదు. అంటువ్యాధి అనుమానం ఉంటే మాత్రం ఇలా చూపించకూడదు.