డాక్సీసైక్లిన్ వేసుకుంటే అమ్మకు గుండెల్లో మంట

ప్రశ్న: అమ్మకు స్క్రబ్ టైఫస్ (చిన్న పురుగు కుట్టడంతో వచ్చే జ్వరం) అని డాక్టర్ గారు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ 100 ఎం.జి. రెండు పూటలా రాశారు. జ్వరం దిగింది. కానీ మాత్ర గొంతులో అడ్డం పడ్డట్టుందట, ఒకటే మంట. ఆపేస్తానంటోంది. గ్యాస్ సిరప్ పట్టనా?

జవాబు (మెడికల్ షాపులో పనిచేస్తాను): మీ అంతట మీరు ఆపొద్దండీ. పడుకునే ముందు గుక్కెడు నీళ్లతో మింగుతున్నారా? మాత్ర అన్నవాహికకు అతుక్కుంటే పుండు పడుతుంది. భోంచేశాక గ్లాసు నిండా నీళ్లతో వేసుకుని, అరగంటైనా కూర్చోమనండి. గ్యాస్ సిరప్, ఐరన్, కాల్షియం దాంతో కలిపి వద్దు, మందు ఒంటికి పట్టదు. మింగలేనంత నొప్పుంటే ఇవాళే డాక్టర్‌కు చూపించండి.

ఇంకొకరు: చేలోకి వెళ్తారా? ఈ మందుకి ఎండ పడదు, చర్మం కందిపోతుంది. నిండు చేతుల చొక్కా తొడుక్కోమనండి.

అడిగినవారు: అవునండీ, మంచం మీదే మింగి అటు తిరిగి పడుకుంటోంది! ఐరన్ మాత్ర కూడా అప్పుడే. డాక్టర్ గారికి ఫోన్ చేస్తున్నా.