60 రోజుల్లో 50 వేలు ఖర్చు పెడితే 5 వేల బోనస్ పాయింట్లు: చెల్లి పెళ్ళికి ఈ కార్డు తీసుకోమంటారా?

రాయగడ ఫిట్టర్
అందరికీ నమస్కారం. నాది ఒడిశాలో రాయగడ, మిల్లులో పని. జీతం పడే బ్యాంకు నుంచి క్రెడిట్ కార్డు తీసుకోమని ఒకటే ఫోన్లు. ఏడాదికి ఫీజు 999. కార్డు ఇచ్చిన 60 రోజుల్లో 50,000 ఖర్చు పెడితే 5,000 బోనస్ పాయింట్లు అంటున్నారు. మాఘంలో మా చెల్లి పెళ్ళి. చీరలకి బరంపురం, సామానుకి పార్వతీపురం ఎలాగూ వెళ్ళాలి. కొంచెం బంగారం కూడా ఉంది. డబ్బు కూడబెట్టుకునే ఉన్నాం, అప్పు కోసం కాదు. ఉన్న డబ్బునే కార్డు మీదుగా తిప్పితే 5,000 మిగులుతాయి కదా అని అమ్మ అంటోంది. వాడినవాళ్ళు చెప్పండి.

గుణుపురం కిరాణా
తీసుకో తమ్ముడూ, ఆలోచించకు. పెళ్ళి ఖర్చు ఎలాగూ తప్పదు. తప్పని ఖర్చు మీద వచ్చేది వదులుకోవడం ఎందుకు? నేను మూడు కార్డులు వాడుతున్నాను. నెల నెలా మొత్తం కట్టేస్తాను. ఒక్క రూపాయి వడ్డీ ఇచ్చింది లేదు.

పర్లాకిమిడి మాస్టారు
బాబూ ఫిట్టరూ, 5,000 పాయింట్లంటే 5,000 రూపాయలు కాదు. ఇలాంటి కార్డుల్లో పాయింటుకి చాలావరకు పావలా విలువ కడతారు. అంటే నీ బోనస్ 1,250 రూపాయలు. ఫీజు 999 మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 1,179. మిగిలింది 71. పాయింట్లు మార్చుకునేటప్పుడు కొన్ని బ్యాంకులు 99 రూపాయలూ దాని మీద జీఎస్టీ పట్టుకుంటాయి, అది 117. అంటే 50,000 ఖర్చు పెట్టాక నీ చేతి నుంచే 46 రూపాయలు పోతాయి. నీ కార్డుకి పావలాయో, ఇంకా తక్కువో ముందు కాగితం మీద చూసుకో. ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు.

గుణుపురం కిరాణా
మాస్టారూ, నా ఏ కార్డుకీ ఆ 99 లేదు. లేని ఖర్చు కలిపి కుర్రాణ్ణి భయపెట్టేస్తే ఎలాగండి? పైగా మామూలు పాయింట్లు మరిచిపోయారు. వందకి రెండు వేసుకున్నా 50,000కి 1,000 పాయింట్లు, ఇంకో 250 రూపాయలు. ఏడాదిలో లక్ష దాటితే చాలా కార్డులకి మరుసటేడు ఫీజు మాఫీ. అదీ లెక్కలో వెయ్యండి.

పర్లాకిమిడి మాస్టారు
"కొన్ని బ్యాంకులు" అనే రాశాను, చదవండి. ఫీజు మాఫీ కోసం లక్ష దాటాలి అంటున్నారు. 50 వేల ఖర్చున్న ఇంట్లో ఇంకో 50 వేల ఖర్చు ఎక్కణ్ణుంచి పుట్టాలి?

గుణుపురం కిరాణా
ముందు 99 సంగతి తేల్చండి. ఉందా లేదా?

జయపురం కుర్రోడు
ఏడాది ఫీజే లేని కార్డు అడిగితే సరిపోతుంది కదా. ఎందుకీ గొడవ?

బరంపురం పట్టుకొట్టు
నేను చీరల వ్యాపారిని, మా వైపు సంగతి చెబుతాను. మీరు క్రెడిట్ కార్డు గీసిన ప్రతిసారీ మాకు రావలసిన దాంట్లోంచి రెండు శాతం అటూ ఇటూ బ్యాంకులు పట్టుకుంటాయి. డెబిట్ కార్డుకి రిజర్వు బ్యాంకు 0.90 శాతం దాటకూడదని హద్దు పెట్టింది. క్రెడిట్ కార్డుకి అలాంటి హద్దు లేదు. మీకొచ్చే పాయింట్లకి డబ్బు చాలావరకు మా దగ్గర కోసిందే. అందుకే బజార్లో చాలా కొట్లలో "కార్డైతే రెండు శాతం ఎక్కువండి" అంటారు. బ్యాంకులు అలా అడగొద్దనే అంటాయి, అయినా అడుగుతారు. 30,000 చీరలకి అది 600. నగదుగానో యూపీఐ మీదో ఇస్తే ధరలో తగ్గించేవాళ్ళం కూడా ఉన్నాం. పెళ్ళి బేరంలో ఆ తగ్గింపు పాయింట్లకన్నా పెద్దది. ఈ మాట మీకు బ్యాంకు చెప్పదు.

రాయగడ ఫిట్టర్
ఇది నాకు తట్టనే లేదండి. బంగారం మీద పాయింట్లు వస్తాయా మరి?

కోరాపుట్ నర్సు
చాలా కార్డుల్లో బంగారం, పెట్రోలు, ఇంటద్దె, వాలెట్‌లో వేసుకునే డబ్బు పాయింట్లకి రావు. కొన్నిట్లో వస్తాయి. మినహాయింపుల జాబితా అడిగి తీసుకో. పెట్రోలు ఒడిశా వైపు తక్కువని ఆంధ్ర నుంచి మనవాళ్ళు వచ్చి మరీ కొట్టించుకుంటారు కదా, దాని మీద మహా అయితే ఒక శాతం సర్‌చార్జి వదిలేస్తారు, పాయింట్లు మాత్రం ఉండవు.

ఇంకొకటి. 60 రోజులు లెక్క ఎప్పట్నుంచి? కార్డు నీ చేతికొచ్చినప్పట్నుంచి కాదు, బ్యాంకు జారీ చేసిన తేదీ నుంచి అని చాలా చోట్ల రాసి ఉంటుంది. నా ఆధార్ ఆంధ్రలోని సాలూరు చిరునామాతో ఉంది, ఉద్యోగం ఇక్కడ. కార్డు సాలూరు పోయింది. అక్కడ ఎవరూ లేక కొరియర్ వాడు తిప్పి పంపేశాడు. మళ్ళీ తెప్పించుకునేసరికి గడువులో సగం హరీ. మన సరిహద్దు ఊళ్ళ వాళ్ళం అందరం ఒక రాష్ట్రం కాగితాలతో ఇంకో రాష్ట్రంలో బతుకుతున్నాం. ఈ ఆఫర్లు రాసేవాళ్ళకి అది తెలియదు.

పాతపట్నం బావ
నాకు అడక్కుండానే పంపారు. వాడలేదు. ఫీజు మాత్రం వేశారు.

కోరాపుట్ నర్సు
పాతపట్నం గారూ, అడగని కార్డు ఇవ్వడం రిజర్వు బ్యాంకు ఆదేశాల ప్రకారం నిషేధం. ఫీజు వెనక్కి ఇవ్వడమే కాదు, దానికి రెట్టింపు జరిమానా కూడా మీకు కట్టాలి. మూసేయమని రాతలో అడగండి. బాకీ ఏమీ లేకపోతే ఏడు పనిదినాల్లో మూయాలి, లేకపోతే ఆలస్యమైన ప్రతి రోజుకీ 500 మీకే ఇవ్వాలి. బ్యాంకుకి ఫిర్యాదు చేశాక 30 రోజుల్లో తేల్చకపోతే అంబుడ్స్‌మన్ (బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అధికారి) దగ్గరికి వెళ్ళొచ్చు. ఎలాగో తెలుసుకోవాలంటే 14448కి ఫోన్ చేయండి.

గుణుపురం కిరాణా
అందరూ పాయింట్లనే పట్టుకుని కూర్చున్నారు. కార్డులో అసలు లాభం పాయింట్లు కాదండి, గడువు. బిల్లు తేదీ దాటిన మర్నాడు కొంటే 45 రోజులకి పైన వడ్డీ లేని డబ్బు. మా గుణుపురంలో చేతి అప్పు కావాలంటే నూటికి మూడు రూపాయల వడ్డీ. బ్యాంకుకి వెళ్తే పట్టా ఏదీ, భూమి కాగితం ఏదీ అంటారు. మా తాత ఇక్కడికొచ్చి కొట్టు పెట్టాడు, నేనిక్కడే పుట్టాను, ఇప్పటికీ మాకు సొంత జాగా కాగితం లేదు. నాకు లోను ఇవ్వని బ్యాంకే కార్డు ఇచ్చింది. దీపావళి సరుకు దాని మీదే ఎత్తాను, సంక్రాంతి సరుకూ దాని మీదే ఎత్తుతాను. పాయింట్లు వస్తే పిల్లలకి ఏదో కొంటాను. ఇందులో తప్పేటో మాస్టారు చెప్పాలి.

పర్లాకిమిడి మాస్టారు
ఆ నూటికి మూడు రూపాయల పక్కనే కార్డు వడ్డీ కూడా పెట్టండి. చాలా కార్డులకి నెలకి 3.5 శాతం పైనే. జీఎస్టీతో 4.13. అంటే నూటికి నాలుగు రూపాయల పైన వడ్డీ, మీ ఊరి వడ్డీ వ్యాపారి కన్నా ఎక్కువ. ఫిట్టర్ కుర్రాడు 50,000 బిల్లుకి కనీస మొత్తం అని 2,500 కట్టి ఊరుకుంటే, మిగిలిన 47,500 మీద నెలకి సుమారు 1,960. అతని బోనస్ మొత్తం ఒక్క నెల వడ్డీకి చాలదు. మొత్తం కట్టకపోతే కొన్న రోజు నుంచీ వడ్డీ లెక్కేస్తారు, కొత్తగా కొన్నవాటికి కూడా ఆ 45 రోజుల గడువు పోతుంది. ఏడాదికి 30 శాతం మించడం అన్యాయమని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ చెప్పింది. ఆ తీర్పుని 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు కొట్టేసింది. కాబట్టి ఆ కాపలా కూడా ఇప్పుడు లేదు.

వ్యక్తిగత కార్డు మీద కొట్టు సరుకు ఎత్తడం చాలా బ్యాంకుల షరతులకి విరుద్ధం. కనిపెడితే పాయింట్లు రద్దు చేస్తారు, కార్డూ ఆపేస్తారు.

గుణుపురం కిరాణా
మొత్తం కట్టేస్తానని మొదటి రోజే రాశాను. మీరు కట్టనివాడి లెక్క తెచ్చి నాకు చూపిస్తారేటి? మీకు నెల తిరిగేసరికి పింఛను పడిపోతుంది మాస్టారూ. మాకు సరుకు అమ్ముడైతేనే అన్నం. అవతలివాడి అవసరం తెలియకుండా కుర్చీలో కూర్చుని షరతులు చదివితే ఎలా?

పర్లాకిమిడి మాస్టారు
పింఛను మాటెత్తారు కాబట్టి చెబుతున్నాను. ఆ పింఛనులోంచే ఇప్పుడు నెల నెలా ఒక కార్డు బాకీ కడుతున్నాను. మా అల్లుడిది. ఇలాంటి ఆఫరే, 90 రోజుల్లో లక్ష. అంత ఖర్చు వాళ్ళ ఇంట్లో లేదు. లక్ష నింపడానికి వాళ్ళ పెదనాన్న కొడుక్కి ఫ్రిజ్జూ టీవీ ఈ కార్డు మీద కొన్నాడు, నెల నెలా నగదు ఇస్తానంటే నమ్మి. కొన్నాళ్ళు ఇచ్చాడు. తరవాత సూరత్ వెళ్ళిపోయాడు. పాయింట్లు వచ్చాయి, వాటితో ఒక మిక్సీ వచ్చింది. ఫోన్లన్నీ మా అమ్మాయికి వచ్చాయి. కార్డు దారుడు ఎవరైతే బ్యాంకుకి బాకీదారు వాడే, ఫ్రిజ్జు ఎవరింట్లో ఉందో వాళ్ళకి అనవసరం.

99 రూపాయలు ఉందా లేదా అని మీరు అడుగుతున్నారు. నేను భయపడుతున్నది దాని గురించి కాదు. ఆ గీత, 50 వేలనీ లక్ష అనీ గీసే గీత గురించి. సొంత ఖర్చు ఆ గీతకి అందకపోతే మనిషి పక్కవాడి ఖర్చు తెచ్చుకుంటాడు.

గుణుపురం కిరాణా
మీ అమ్మాయికి జరిగింది విన్నాక పింఛను మాట అన్నందుకు బాధగా ఉంది మాస్టారూ. కానీ మీరు చెప్పిన దాంతో నేను ఒప్పుకోను. మా అన్నయ్య కార్డు మీదే నేను మొదటి సరుకు ఎత్తాను. అప్పుడు నా పేరున ఏమీ లేదు. అన్నయ్య ఇవ్వకపోతే నాకు కొట్టే లేదు. మన ఊళ్ళలో మనకి బ్యాంకు ఎప్పుడు నిలబడింది? నిలబడింది మనవాళ్ళే. పెళ్ళికి చేబదులు, ఆసుపత్రికి చేబదులు, పూచీ సంతకం. కార్డు కూడా అలాంటిదే. ఒకడు సూరత్ పారిపోయాడని అందరూ చేయి ముడుచుకోవాలా?

పర్లాకిమిడి మాస్టారు
చేబదులు ఇచ్చేవాడు తన దగ్గర ఉన్నది ఇస్తాడు. పోతే ఆ పది వేలు పోతాయి, అక్కడితో సరి. కార్డు ఇచ్చేవాడు తన దగ్గర లేనిది ఇస్తున్నాడు. అది రాకపోతే నూటికి నాలుగు చొప్పున పెరుగుతుంది, అప్పుల చరిత్ర రాసి పెట్టే సిబిల్‌లో అతని పేరు పాడవుతుంది, రేపు ఇల్లు కట్టుకోవడానికి లోను రాదు. ఈ రెండూ ఒకటి కావు. మీ అన్నయ్య ఇచ్చాడంటే మిమ్మల్ని చిన్నప్పట్నుంచీ ఎరుగును. అతన్ని చూసి ఇవ్వమన్నది పాయింట్లు కాదు.

కోరాపుట్ నర్సు
ఫిట్టర్ తమ్ముడూ, ఒకటి అడుగుతాను. బంగారం పోగా, చీరలు నగదు మీద తీసుకుంటే, నీ సొంత ఖర్చు 50,000 అవుతుందా?

రాయగడ ఫిట్టర్
అవదండి. సామాను ఒక్కటే అయితే పాతిక వేలు. ముందు రాయలేదు గానీ, మా మేనత్త కొడుకు, బావ, "నువ్వెలాగూ కార్డు తీసుకుంటున్నావు కదా, నాకో ఫోను దాని మీద కొను, నెలకింత ఇచ్చేస్తాను, నీ పాయింట్లూ నిండుతాయి" అన్నాడు. పెళ్ళి పనులన్నీ వాడే చూస్తున్నాడు. కాదనడం ఎలాగో తెలీక ఇక్కడ పాయింట్ల గురించి అడిగాను.

బరంపురం పట్టుకొట్టు
ఇదన్నమాట.

గుణుపురం కిరాణా
బావ రోజూ కళ్ళెదురుగా ఉండే మనిషేనా? ఉద్యోగం ఉందా? ఉంటే కొనివ్వు. పెళ్ళి ముందు పెట్టుకుని మేనత్త కొడుక్కి కాదంటే ఆ ఇంట్లో నీకు మాట ఉండదు. ఫోను ఖరీదు కన్నా అది ఎక్కువ నష్టం.

కోరాపుట్ నర్సు
కొనివ్వాలనుకుంటే ఆఫర్ కోసం కొనివ్వొద్దు. కార్డు తీసుకోవడం వేరు, బావకి సాయం వేరు. ఆ రెండూ ఒకదాన్నొకటి మోస్తున్నాయి కాబట్టే నీకు కాదనడం కష్టంగా ఉంది.

రాయగడ ఫిట్టర్
నిన్న రాత్రి అమ్మా నేనూ కూర్చుని రాసుకున్నాం. షరతుల కాగితం తెప్పించాను, ఇంగ్లీషులో ఉంది, ఒడియాలో ఒక పేజీ ఉంది. మిల్లులో ఒకాయన చదివి చెప్పారు. బంగారానికి పాయింట్లు లేవు. పాయింటు విలువ పావలాయే, అదీ వాళ్ళ కేటలాగులో సామాను తీసుకుంటేనే. బిల్లులో సర్దుకుంటే ఇంకా తక్కువ. మార్చుకునే రుసుము 99 ఉంది.

ఫీజు కార్డు వద్దని చెప్పేశాను. ఫీజు లేనిది ఉంటే పరిమితి 40,000 పెట్టి ఇవ్వమన్నాను. బావకి కూడబెట్టిన దాంట్లోంచి 8,000 చేతికిస్తానన్నాను, మిగతాది వాడు చూసుకోవాలి.

గుణుపురం కిరాణా
నీ కార్డుకి 99 ఉందన్నమాట. సరే, ఆ మాట మాస్టారిదే నిజం. కానీ 8,000 ఇచ్చి మిగతాది చూసుకోమంటే ఫోను రాదు కదా. ఆ మిగతాది కొట్టువాడు వాయిదాల మీద ఇస్తాడేమో బావ పేరునే రాయించు. అప్పుడు నువ్వు కాదన్నట్టూ ఉండదు.

పర్లాకిమిడి మాస్టారు
బావ పేరున రాయించడం మంచి మాట. పూచీ సంతకం మాత్రం నువ్వు పెట్టకు బాబూ.

గుణుపురం కిరాణా
నేనైతే పెడతాను.

జయపురం కుర్రోడు
ఫిట్టరన్నా, పరిమితి 40,000 అన్నావు కదా, నీ ఒప్పుకోలు లేకుండా బ్యాంకు దాన్ని పెంచకూడదు. పెంచుతాం అని మెసేజ్ వస్తే వెంటనే సరే అని నొక్కేయకు.